సోమాలియా పిల్లలకు బాడుగ ఇల్లు

అనంతపురంలో ఒక కాలేజీలో నేను గుమాస్తాను. అక్కడ చదివే సోమాలియా పిల్లలకు బాడుగ ఇండ్లు వెతికే పని ఎట్లనో నా నెత్తిన పడింది. వాళ్లలోనే, అందరి తరఫున మాట్లాడే ఒకతను మూడేండ్లుగా ఈడనే ఉండి తెలుగు బాగా నేర్చుకున్నాడు. ఆ రోజు ఇద్దరం నా బండి మీద ఎండలో తిరిగినాం.

మొదటి ఇంటాయన, మాంసం వండుతారని కాదన్నాడు. ప్రతి ఆదివారం ఆయన ఇంట్లో నాటుకోడి ఉడికే వాసన వీధంతా వస్తుంది. రెండో ఇంటామె, "ఐదు పూటలా నమాజుకు కాళ్లు కడుక్కుంటారు, మా బోరు ఎండిపోతాది" అనింది.

"మా దేశంలోనూ వానల్లేవమ్మా. ఒక చెంబు నీళ్లతోనే మొగం, కాళ్లు, చేతులు కడుక్కుంటాం" అన్నాడతను. ఆమె తలుపేసుకుంది.

మూడో ఇంటాయన, "ఇంట్లో అడిగి చెప్తాను" అన్నాడు. ఆయన పెండ్లాన్ని అడిగి చేసిన పని ఒక్కటన్నా ఉంటే కదా.

నాకు ఒళ్లు మండిపోయింది. అతన్ని మా ఇంటికి పిలుచుకొచ్చి, కాఫీ ఇచ్చి, ఆ ముగ్గురినీ అర్ధగంట తిట్టినాను. అతను అంతా విని, మా మిద్దె మెట్ల వైపు చూసినాడు.

"పై గదిలో ఎవరుంటారన్నా?"

"ఎవరూ ఉండరు. విత్తనానికి శెనక్కాయలు పోసినాం."

"విత్తనం వేసినాక ఖాళీనే కదా?"

"ఇంట్లో అడిగి చెప్తానప్పా" అన్నాను.