అంతర్వేదిలో పుల్లటి వాసన

ఇదివరకు మా ముగ్గురికీ బీచ్ అంటే యానామే. గోదావరి జిల్లాల మగవాళ్ళు యానాం ఎందుకు వెళ్తారో విడమరచి చెప్పక్కర్లేదు. నేను, శ్రీను, సత్తిబాబు డిగ్రీ రోజుల నుంచీ స్నేహితులం. పోయిన ఏడాది సత్తిబాబు పచ్చకామెర్లతో రాజమండ్రి ఆసుపత్రిలో పడ్డాడు. ఇంకొక్క గ్లాసు ముట్టుకుంటే మళ్ళీ నా దగ్గరికి తీసుకురావద్దని డాక్టరు అతని భార్య లక్ష్మి గారితో మొహం మీదే చెప్పాడు. ఆ రోజు నుంచి మానేశాడు. మందు లేకుండా ఒక్కసారి సముద్రం చూసొద్దామని ఈ మధ్య అతనే అడిగాడు. గుడి ఉన్న ఊరైతే బుద్ధిగా ఉంటామని అంతర్వేది అనుకున్నాం. బయల్దేరే ముందు లక్ష్మి గారు నన్ను పక్కకి పిలిచి, "డేవిడ్ అన్నయ్యగారూ, ఆయన్ని మీ చేతుల్లో పెడుతున్నానండి" అన్నారు. నాకు అసలే అనుమానం ఎక్కువ. కూరలో ఉప్పు సరిపోయిందని మా ఆవిడ చెప్పినా రుచి చూస్తే గానీ నమ్మను. అలాంటివాడికి ఈ పని అప్పజెప్పారు.

శ్రీనుకి కొవ్వూరులో ఎరువుల కొట్టు ఉంది. శనివారం తెల్లవారుతుండగా వంతెన దాటి కారులో వచ్చి మమ్మల్ని ఎక్కించుకున్నాడు. రాజమండ్రి నుంచి రావులపాలెం, కొత్తపేట, తాటిపాక, రాజోలు, మలికిపురం మీదుగా వెళ్తే ఆగుతూ పోయినా మూడున్నర గంటల ప్రయాణం. రావులపాలెం దాటాక రోడ్డుకి అటూ ఇటూ కొబ్బరితోటలు, కాలవలు, ప్రతి ఊళ్ళోనూ అరటిగెలలు. ఇవన్నీ బావున్నాయని ఇప్పుడు రాస్తున్నాను గానీ ఆ పూట నేను చూసింది సత్తిబాబునే. టిఫిన్ దగ్గర అతను మంచినీళ్ళ సీసా కొనుక్కొస్తే మూత సీలు ఉందో లేదో చూశాను. తాటిపాకలో కొబ్బరిబోండాం తాగుదామంటే, పాత రోజుల్లో బోండాంలో మేం ఏమేం కలిపేవాళ్ళమో గుర్తొచ్చి, కొట్టువాడు కత్తి పెట్టినప్పటి నుంచీ పక్కనే నిలబడ్డాను. సత్తిబాబు నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు కూడా నాకు నచ్చలేదు.

గుడి దగ్గర మామూలు గదులు వెయ్యి రూపాయల లోపే దొరుకుతాయి, కల్యాణం రోజుల్లో తప్ప. బీచ్ గుడికి కాస్త దూరం, ఆటోలుంటాయి. నల్లటి మెత్తని ఇసుక, దూరంగా లైట్‌హౌస్, జనం తక్కువ. గోదావరి సముద్రంలో కలిసే చోటు చూడ్డానికి ఎంత అందంగా ఉన్నా స్నానానికి మాత్రం పనికిరాదు. లోపల నీటి లాగుడు ఎక్కువని ఆటో ఆయన మరీ మరీ చెప్పి దింపాడు. మధ్యాహ్నం డబ్బులిస్తే వండిపెట్టే ఒక ఇంట్లో భోజనం చేశాం. పులస కాలం కాదు కాబట్టి చందువా వేపుడు, రొయ్యల ఇగురు. చెయ్యి కడుక్కుని చూస్తే సత్తిబాబు లేడు. జాలర్లుండే పల్లిపాలెం వైపు, వలలు బాగుచేసుకునేవాళ్ళ మధ్య కూర్చుని కబుర్లాడుతూ దొరికాడు. ఏంటిరా సంగతంటే, రేపు పొద్దున్న వల లాగుతారట అన్నాడు. శ్రీను నా వైపు చూశాడు, నేను శ్రీను వైపు చూశాను. పల్లిపాలెం వెనకంతా తాడిచెట్లే.

ఆదివారం మెలకువ వచ్చేసరికి అతని మంచం ఖాళీ. ఫోన్ చేస్తే గదిలోనే మోగింది. ఎండెక్కాక వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, లుంగీ తడిసి ఇసుక పట్టింది, నడక తూలుతోంది. మొహం మాత్రం పెళ్ళికొడుకులా వెలుగుతోంది. వల లాగానురా, ఒళ్ళు హూనమైపోయింది అంటూ పక్కన కూర్చున్నాడు. అప్పుడు గుప్పున కొట్టింది వాసన. పుల్లగా, పులిసిపోయిన వాసన. తెల్లారిన కల్లు అలాగే ఉంటుంది. కోపం కాదు ముందొచ్చింది, భయం. ఆ ఆసుపత్రి మంచం, పసుపు పచ్చటి కళ్ళు కళ్ళముందు కనిపించాయి.

తాగావా అని శ్రీను అడిగాడు. లేదు, తరవాణి తాగానన్నాడు సత్తిబాబు. శ్రీను నవ్వాడు. ఈ రోజుల్లో తరవాణి ఎవరిస్తారురా అన్నాడు. నిజమే, మా అమ్మమ్మ కాలం మాట అది. అన్నం కుండలో గంజి పోసి పులియబెట్టిన నీళ్ళు, పొద్దున్నే చద్దన్నంలో పోసుకునేవాళ్ళు. యానాం రోజుల్లో సత్తిబాబు ఇంతకంటే అందమైన అబద్ధాలే చెప్పేవాడు. అతను స్నానానికి వెళ్ళగానే శ్రీను అతని బ్యాగు మంచం మీద బోర్లించాడు. నేను వరండాలోకి వెళ్ళి లక్ష్మి గారికి ఫోన్ చేశాను. "మళ్ళీ మొదలెట్టాడమ్మా, వాసన నేనే చూశాను" అన్నాను. ఆవిడ సరేనండి అని పెట్టేశారు.

వెనక్కి తిరిగితే సత్తిబాబు తువ్వాలుతో నిలబడి ఉన్నాడు. ఫోనులో నా మాటలు విన్నాడు, లోపల చెల్లాచెదురుగా పడున్న బట్టలూ చూశాడు. అరవలేదు.

"నేను తాగే రోజుల్లో నా గ్లాసులో సోడా పోసింది మీరిద్దరేరా. అప్పుడు ఒక్కడూ నా నోటి వాసన చూళ్ళేదు."

బట్టలు బ్యాగులో కుక్కుకుని వెళ్ళిపోయాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడని శ్రీను అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. అలా అనుకుంటే నాకు తేలిగ్గా ఉంది.

పావుగంటకి గది ముందుకు ఒకావిడ వచ్చింది. పేరు మాణిక్యం, పల్లిపాలెం. చేతిలో కొబ్బరాకులో చుట్టిన చేపలు. వల తాడు పట్టిన ప్రతివాడికీ వాటా ఉంటుందని, మీతో వచ్చినాయన మర్చిపోయి వచ్చేశారని చెప్పింది. ఆయనకి అలవాటు లేదండి, అరచేతులు చితికిపోయినా వదల్లేదు, ఉప్పునీళ్ళు కళ్ళల్లో పడి మండిపోయాయి పాపం అంది. తాగడానికేమైనా ఇచ్చారా అని అడిగాను.

"తరవాణి పోశానండి. మా అత్తగారికి అది లేందే పొద్దు పొడవదు. రెండు చెంబులు తాగారు. ఏం, పడలేదా?"

మాణిక్యం చీర కొంగు నుంచి కూడా అదే పుల్లటి వాసన వస్తోంది. అమ్మమ్మ వంటింటి మూల ఉండే కుండ అప్పుడు గుర్తొచ్చింది. చిన్నప్పుడు రోజూ ఆ నీళ్ళు తాగి బడికెళ్ళినవాణ్ణి, ఆ వాసనకి నాకు కల్లే తోచింది. శ్రీను జరిగింది చెబితే ఆవిడ నోరు నొక్కుకుని, తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారండి, నేను తరవాణి పోసింది కూడా తాడిచెట్టు నీడలోనే అంది.

సత్తిబాబు సఖినేటిపల్లి రేవుకి ఆటో ఎక్కాడని లాడ్జి ఆయన చెప్పాడు. అక్కడ పంటు ఎక్కి గోదావరి దాటితే నరసాపురం, అక్కణ్ణుంచి బస్సులూ రైళ్ళూ ఉన్నాయి. మేం రేవుకి చేరేసరికి పంటు నది మధ్యలో ఉంది. గది ఖాళీ చేసి చేపలు తీసుకురమ్మని కారుని శ్రీనుకి వదిలేసి తరవాతి పంటు కోసం నిలబడ్డాను. మనిషికి చిల్లర డబ్బులే, మోటారు సైకిళ్ళూ కార్లూ కూడా ఎక్కిస్తారు. గట్టు మీద గాలి హాయిగా ఉందని పక్కాయన అంటున్నా నా చూపు అవతలి గట్టు మీదే. ఇప్పుడు నా అనుమానమంతా ఒక్కటే. మేం అబద్ధంగా వేసిన నింద అతను నిజం చేసేస్తే?

నరసాపురంలో బస్టాండు వైపు నడుస్తుంటే కనిపించాడు. వైన్ షాపు ఎదురుగా, టీ బడ్డీ బల్ల మీద, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని. షాపు షట్టరు అప్పుడే పైకి లేపుతున్నారు. పక్కన కూర్చుని మాణిక్యం వచ్చిందని చెప్పాను. అతను షాపు వైపే చూస్తున్నాడు.

"తాగినా తాగావనే అంటారు, తాగకపోయినా తాగావనే అంటారు. ఇంక దేనికి ఆగాలో చెప్పు, డేవిడ్."

అతని అరచేతులు చూశాను, తాడు ఒరుసుకుపోయి తోలు లేచిపోయింది. ఫోన్ తీసి లక్ష్మి గారికి కలిపి, స్పీకరు పెట్టి ఇద్దరి మధ్యా ఉంచాను. తప్పు నాదేనమ్మా, సత్తిబాబు తాగలేదు అని మొదలుపెట్టాను. ఆవిడ మధ్యలోనే ఆపారు.

"నాకు తెలుసండి. పొద్దున్నే ఎవరిదో ఫోను అడిగి తీసుకుని చేశారు, వల లాగుతున్నానని. తాగిన రోజు ఆయన ఎప్పుడూ నాకు ఫోన్ చెయ్యలేదండి. మీ మాట విన్నాక ఏడ్చాను గానీ, నమ్మలేదు."

సత్తిబాబు తల వంచుకున్నాడు. భుజాలు కదిలాయి. టీ బడ్డీ ఆయన చూడనట్టు అటు తిరిగాడు. కాసేపటికి తేరుకుని, ఫోను దగ్గరికి లాక్కుని, లక్ష్మీ, నా వాటా చేపలు అక్కడే వదిలేసి వచ్చానే అన్నాడు. శ్రీను తెస్తాడన్నాను. వాడు దారిలో తినేస్తాడన్నాడు సత్తిబాబు. నిడదవోలు మీదుగా వెళ్ళే బస్సులో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం గానీ, రాజమండ్రి దాకా అతను నాతో పెద్దగా మాట్లాడలేదు. మాట్లాడమని నేనూ అడగలేదు.

అంతర్వేది మంచి చోటు, వెళ్ళండి. తీరిక, సముద్రం, మంచి తిండి అన్నీ దొరుకుతాయి. నేను మాత్రం అక్కడ రెండు రోజులూ తాగిన గుర్తుల కోసమే వెతికాను. ఇంట్లో కూర్చున్న లక్ష్మి గారు అతను తాగలేదనడానికి ఒకే ఒక్క గుర్తు పట్టుకుని దాని మీద నిలబడ్డారు. అతని తాగుడు వల్ల అందరికంటే ఎక్కువ బాధపడింది ఆవిడే. నమ్మకూడదంటే ఆ హక్కు ఆవిడకే ఉంది. సత్తిబాబు ఇప్పటికీ ముట్టుకోలేదు, కానీ అందులో నా గొప్పేమీ లేదు.

పంటు గురించి ఒక్క మాట. చీకటి పడేదాకా తిరుగుతుంది, చివరిది ఎప్పుడో రేవులో అడిగి తెలుసుకోండి. మీ వాళ్ళెవరైనా అలిగి ముందు వెళ్ళిపోతే మాత్రం పరిగెత్తయినా సరే, వాళ్ళెక్కిన పంటే ఎక్కండి. తరవాతది రావడానికి అరగంట పడుతుంది, ఆ అరగంట చాలా పొడుగు.