తప్పిపోయిన రెండో చరణం

రొట్టెల మావయ్య బేకరీ వ్యానుకు హారన్ పోయి పద్దెనిమిదేళ్లయింది. బాగు చేయించే అవసరం రాలేదు. దాని బదులు ఆయన పాడేవాడు. ఆ గొంతుకు పాలు విరిగిపోతాయని జనం అనేవారు. అది అబద్ధం. పెరుగు మాత్రం తొందరగా తోడుకునేది.

పాట సొంతంగా కట్టిందే, మూడు చరణాలు. బేకరీ నుంచి దర్జీ కొట్టు దాకా మొదటిది, అక్కణ్నుంచి బడి మలుపు దాకా రెండోది, ఆసుపత్రి క్యాంటీన్ దాకా మూడోది. గడియారాలు తప్పినా ఆ లెక్క తప్పేది కాదు. ఇరవై రెండేళ్లలో బండి మీద ఒక్క గీత పడలేదని ఆయనకు కొండంత గర్వం.

ఆ చలికాలం కూతురు కవలలతో వచ్చింది. డ్యూటీలు పంచుకున్నట్టు ఒకడు పడుకోగానే ఇంకొకడు లేచేవాడు. తాతయ్య చెరో భుజాన ఒకణ్ని వేసుకుని తిరిగేవాడు.

"మూడింటికి లేవాల్సిన మనిషివి, కాస్త పడుకోవయ్యా," అని భార్య మొత్తుకునేది.

"నిద్ర నన్ను పట్టాలంటే అది ముందు నా అనుమతి తీసుకోవాలే!"

ఆయన మందు పచ్చిమిరపకాయ. కళ్లు బరువెక్కితే ఒకటి కొరికేవాడు.

ఒకరోజు పొద్దున ఎనిమిదిన్నరకు దర్జీ కొట్టు దగ్గర మొదటి చరణం ముగించాడు. తర్వాత తెలిసింది ధన్‌మన్న చప్పుడే. బడి మలుపులో పిల్లల్ని రోడ్డు దాటించే ఆవిడ చేతిలో ఉండాల్సిన, బళ్లని ఆపే ఎర్ర పలక బండి ముందు చక్రం కింద ఉంది. ఆవిడ ఆయన సొంత అక్కే. వెనక్కి దూకింది కాబట్టి బతికింది. ఆవిడకు ఒక్క అడుగు వెనకాల పిల్లలు కొయ్యబొమ్మల్లా నిలబడిపోయారు.

"నిద్రపోయావట్రా?"

"ఛ! ఒట్టక్కా, రెప్ప వాల్చలేదు. ఇదిగో, నోట్లో మిరపకాయ కూడా ఉంది!"

"మరి రెండో చరణం ఏదిరా?"

ఆయన వెనక్కి తలచుకున్నాడు. దర్జీకి రొట్టెల డబ్బా అందించడం గుర్తుంది. ఆ తర్వాత చప్పుడు గుర్తుంది. మధ్యలో ఏమీ లేదు. నోరు మండుతూనే ఉంది, మనిషి మాత్రం నిద్రపోయాడు.

ముందు పన్ను ఊడిన ఓ పిల్ల, "మావయ్యా, ఇవాళ పాట మర్చిపోయావా?" అంది. ఆయన బండి దిగి రోడ్డు అంచున కూలబడ్డాడు.

కాసేపటికి బండి అక్కడే వదిలి, తాళంచెవి పట్టుకుని నడుచుకుంటూ వెళ్లి యజమాని ముందు పెట్టాడు. కనుబొమల నిండా పిండితో ఉన్న యజమాని అంతా విని, "నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు కదయ్యా," అన్నాడు.

"మీకు తెలిసేది కాదు బాబూ. రేపు ఏ తల్లికో తెలిసేది."

యజమాని వారం రోజులు ఆయన్ని బండి ఎక్కనివ్వలేదు. ఇంట్లో భార్య కవలల్ని తన గదిలోకి లాక్కుని, ఆయన చెవుల్లో దూది కుక్కి, తలుపేసింది. ఎనిమిదోరోజు యజమాని తాళంచెవి తిరిగిచ్చాడు, కానీ ఒక షరతు మీద. దర్జీ కొట్టు దగ్గర బండి ఆపి, తాళంచెవి దర్జీ మేకుకు తగిలించి, ఇరవై నిమిషాలు పడుకోవాలి. అప్పటిదాకా దర్జీ తాళంచెవి తిరిగివ్వడు. మొదట్లో సిగ్గుపడ్డాడు గానీ, రెండోరోజుకే ఖాళీ రొట్టె ట్రేల మధ్య కాళ్లు చాపేశాడు.

బడి దగ్గరికి రొట్టె కాస్త ఆలస్యంగా వస్తోంది. ఎవరైనా సణిగితే అక్క కొత్త పలక ఊపుతూ సర్దిచెబుతుంది. "ఉండండమ్మా, మావాడు దర్జీ కొట్టు దగ్గర గురక పెడుతున్నాడు. అది అయ్యాకే రెండో చరణం."