సముద్రపు తొట్టిలో పాచి

మొన్న ఆదివారం మా కింద వాటాలో ఉండే బ్యాంకు ఉద్యోగి ఒకాయన, నేను కాలేజీలో జువాలజీ చెబుతానని ఎవరో అంటే విని, "మేడమ్, ఒక్కసారి మా ఆక్వేరియం చూసి పోతారా, ఏం చేసినా పాచి పోవట్లేదు" అని పిలిచాడు. గడప దాటగానే వాసన ముక్కుకి కొట్టింది. ఉప్పు, తడిసిన రాయి, మురిగిన ఆకు మూడూ కలిసినట్టుండే ఆ వాసన తగిలి ఇరవై ఏళ్ళు కావస్తోంది. నీలం దీపాల కింద అద్దాల తొట్టి, అందులో సముద్రపు నీళ్ళు, పగడపు రాళ్ళు, ఆ రాళ్ళ నిండా ఆడవాళ్ళ జుట్టులా ఊగుతున్న పచ్చటి పాచి. మేత తగ్గించాడట, దీపాలు తగ్గించాడట, పాచి తినే నత్తల్ని తెప్పించి వేశాడట, వారం వారం బ్రష్ పెట్టి గీకుతున్నాడట. నేనొక్కటే అడిగాను, రోజూ ఆవిరయ్యే నీటికి బదులు ఏ నీళ్ళు పోస్తున్నారని. "బోరు నీళ్ళేనండీ, బాగానే ఉంటాయి" అన్నాడు. ఆయన ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు, నాకు మాత్రం మా ఊరి బోరు గుర్తొచ్చింది.

మా నాన్న చిలకలూరిపేటకి దగ్గర్లో ఒక ఊళ్ళో హైస్కూలు మేష్టారు. ఊరి చివర, చేల అంచున మా ఇల్లు. పెరటి గోడ అవతల ఒక ఏడు పత్తి, ఒక ఏడు మిరప. దసరా దాటితే కిటికీలోంచి కనిపించేదంతా తెలుపు, శివరాత్రి దాటితే అంతా ఎరుపు. మిరపకాయలు కళ్ళంలో ఎండే రోజుల్లో ఊరు ఊరంతా తుమ్ముతూ ఉండేది. గాలి ఇటు తిరిగితే మజ్జిగ గ్లాసులో కూడా ఘాటే. అట్లతద్దినాడు తెల్లవారకముందే లేపి గోంగూర పచ్చడీ పెరుగూ కలిపి అన్నం పెట్టేవాళ్ళు, తిన్న చేతులు కడుక్కోకుండానే వేపచెట్టుకి కట్టిన ఉయ్యాల దగ్గరికి పరుగెత్తేవాళ్ళం. వానొస్తే ఖాళీ యూరియా సంచిని ఒక మూల లోపలికి మడిచి టోపీలా నెత్తిన పెట్టుకుని బడికి వెళ్ళేవాళ్ళం. యూరియా సంచి లేని ఇల్లు మా ఊళ్ళో లేదు. మాకు అవే పట్టాలు, అవే తెరలు, కోళ్ళ గూటి మీద అవే కప్పు. పైరు నల్లబడాలంటే ఇంకో బస్తా, కాయ పట్టాలంటే ఇంకో బస్తా. చల్లిందాంట్లో పైరు తాగింది పోగా మిగిలింది ఎక్కడికి పోతోందని అడిగినవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు.

మా ఆవరణలోనే పక్క వాటాలో సైదమ్మత్త వాళ్ళు అద్దెకుండేవాళ్ళు. దూదేకుల వాళ్ళు. ఆమె మొగుడు పరుపులు కుట్టేవాడు. దూది ఏకే విల్లు చేతబట్టి ఆయన వసారాలో కూర్చుంటే టంగు టంగుమనే మోత పొద్దుపోయేదాకా వినిపించేది, మా జుట్లలో, కనురెప్పల మీద, పప్పుచారులో సన్నటి దూది తేలేది. మేష్టారని నాన్నంటే ఆమెకి గౌరవం. అమ్మని మాత్రం "అమ్మాయ్" అని పిలిచేది. రెండు ఇళ్ళకీ ఒకటే బోరు. దాని చేతిపంపు దగ్గరే వాళ్ళిద్దరి కబుర్లన్నీ.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు తమ్ముడు పుట్టాడు. పుట్టిన నెలకే అమ్మకి టైఫాయిడ్ తగిలి పాలు ఇంకిపోయాయి. డబ్బాపాలు పట్టమన్నారు డాక్టరు. నీళ్ళు బాగా మరగకాచి కలపమన్నారు. అమ్మ ఏ పని చేసినా శ్రద్ధగా చేసేది, ఈ పని మరీ శ్రద్ధగా చేసింది. ఇత్తడి తపేలాలో నీళ్ళు పోసి, తెర్లి తెర్లి సగానికి సగం ఇగిరిపోయేదాకా పొయ్యి దగ్గరే పీట వేసుకుని కూర్చునేది. "చాల్లే, ఎంతసేపు కాస్తావు" అని నాన్న విసుక్కుంటే, "చంటివాడండీ, ఒక్క పురుగైనా మిగలకూడదు" అనేది. జ్వరం తగ్గి ఇంకా నిలబడలేని మనిషి, చెంగుతో చెమట తుడుచుకుంటూ ఆ పొగలో అలా కూర్చోవడం నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది.

చంటివాడు మూడో నెలలో నీరసించాడు. ఏడుపు సన్నగిల్లింది. పెదవులు, గోళ్ళు నేరేడుపండు రంగుకి తిరిగాయి. పేటలో చూపిస్తే గుండెలో ఏదో లోపం ఉండొచ్చు, గుంటూరు తీసుకెళ్ళమన్నారు. జిన్నింగు మిల్లుల ముందు పత్తి లారీలు బారులు తీరి బస్సు కదలని రోజు అది. మిల్లులు దాటేలోపే అమ్మ ఒళ్ళో వాడు పోయాడు. అమ్మ ఎవరితోనూ చెప్పలేదు. గుంటూరు బస్టాండులో దిగేదాకా వాణ్ణి జోకొడుతూనే ఉందట. ఇది నాన్న నాకు పెళ్ళయ్యాక చెప్పారు.

ఆ తర్వాత ఉయ్యాల గుడ్డలు, పాలసీసా, గిలక ఎప్పుడు ఎవరు తీసేశారో నాకు తెలియదు. ఆ ఏడు ఏ పండగా చెయ్యలేదు. అమ్మ వండేది, పెట్టేది, తర్వాత గోడవైపు తిరిగి పడుకునేది.

మా బాబాయి చీరాల దగ్గర సముద్రం ఒడ్డున రొయ్యపిల్లల హేచరీలో పనిచేసేవాడు. వదిన పరిస్థితి చూడలేక, ఏదైనా వ్యాపకం ఉంటే మనిషి కోలుకుంటుందని, ఒకరోజు వ్యానులో పెద్ద అద్దాల తొట్టి, క్యాన్ల నిండా సముద్రపు నీళ్ళు, మద్రాసు నుంచి తెప్పించిన రాళ్ళు, నారింజ రంగు మీద తెల్లటి పట్టీలున్న రెండు చేపలు పట్టుకొచ్చాడు. రాళ్ళ మీద మెత్తటి పగడపు జీవాలు దీపం వెయ్యగానే బంతిపూలలా విచ్చుకునేవి, తీస్తే ముడుచుకునేవి. సముద్రం ఎన్నడూ చూడని ఊరివాళ్ళు మా వసారాలో వరసకట్టారు. పత్తితీతకి పోయే ఆడవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని అద్దానికి ముక్కు ఆనించి చూసేవాళ్ళు. అమ్మ మొదట అటు చూడలేదు. ఓ పొద్దున లేచి చూస్తే తొట్టి ముందు కూర్చుని ఉంది. చేపలకి మేత వేస్తోంది. ఆ రోజు నాన్న బడికి సెలవు పెట్టి, పనేమీ లేకపోయినా ఇల్లంతా తిరిగారు.

నాలుగు నెలలు బాగానే గడిచింది. తర్వాత పాచి పట్టింది. మొదట రాయి మీద చిన్న పచ్చటి మచ్చ, వారానికల్లా నూగు, నెలకల్లా జడలు. పగడాలు ఊపిరాడనట్టు ముడుచుకుపోయాయి. అమ్మ పాత పళ్ళ బ్రష్షుతో ఒక్కొక్క రాయీ తీసి తోమేది, రెండు రోజులకి మళ్ళీ పచ్చన. బాబాయి ఫోనులో చెప్పినట్టల్లా చేసింది. మేత సగం చేసింది, దీపం గంటలు తగ్గించింది, కిటికీలోంచి ఎండ పడకుండా దుప్పటి కట్టింది, కొత్త సముద్రపు నీళ్ళు తెప్పించి మార్చింది. ఏం చేసినా ఆగలేదు. ఒక పగడం తెల్లబడి, జిగురుగా కారిపోయిన రోజున అమ్మ మోచేతులదాకా తడిసిన చేతులతో అలాగే నిలబడి, "నా చేతిలో ఏదీ బతకదు" అంది. నాతో అనలేదు. ఎవరితోనూ అనలేదు.

అదే రోజుల్లో సైదమ్మత్త కూతురు మీరాబీ పురిటికి వచ్చి ఆడపిల్లని కన్నది. ఆమెకీ పాలు చాలలేదు. డబ్బాపాలే పట్టేవాళ్ళు. సైదమ్మత్త కాన్పులు చూసిన చెయ్యే గానీ సీసాపాలు ఆమెకి కొత్త. బోరు దగ్గర అమ్మనడిగింది, నీళ్ళు ఎంతసేపు కాచాలి అని. బాగా మరిగించమని అమ్మే చెప్పింది.

బాబాయి నీళ్ళు పరీక్షించే సామాను పట్టుకుని వచ్చింది మిరప కోతల కాలంలో. హేచరీలో రోజూ వాడేదే, చిన్న గాజు గొట్టాలు, చుక్కల మందు. వసారాలో పీట మీద పేర్చి కూర్చున్నాడు. పాచికి మేత చేపల తిండి ఒక్కటే కాదు, నీళ్ళలో నైట్రేటు ఉంటే అదే దానికి ఎరువని చెప్పాడు. తొట్టి నీళ్ళలో మందు వేస్తే ముదురు ఎరుపు తిరిగింది. క్యాను అడుగున మిగిలిన సముద్రపు నీళ్ళలో వేశాడు, రంగు రాలేదు.

"సముద్రం నీళ్ళు మంచివేరా. మరి ఇదెక్కణ్ణించి వస్తోంది?" అన్నారు నాన్న.

బాబాయి కాసేపు తల గోక్కున్నాడు. "వదినా, రోజూ తగ్గిన నీటికి ఏం పోస్తున్నావు?"

"మన బోరు నీళ్ళే."

నన్ను పంపి ఒక గ్లాసు తెప్పించాడు. గొట్టంలో పోసి చుక్కలు వేసి ఊపుతుండగానే గులాబీ రంగు వచ్చింది, చూస్తుండగానే అది పండుమిరపకాయ రంగుకి తిరిగింది. బాబాయి సంతోషంగా తొడ చరుచుకున్నాడు. దొంగ దొరికాడనే సంతోషం అది.

"ఇదీ సంగతి! చేలల్లో చల్లే యూరియా అంతా భూమిలోకి దిగి బోరులోకి వస్తోంది అన్నయ్యా. తొట్టిలోంచి ఆవిరయ్యేది ఉత్త నీరే. అందులోది ఎక్కడికీ పోదు. రోజూ పోస్తుంటే రోజూ పోగుపడుద్ది."

అమ్మ స్తంభానికి ఆనుకుని నిలబడి వింటోంది. "మరి కాస్తేనో?" అంది.

బాబాయి గొట్టం కడుగుతూ, తలెత్తకుండానే చెప్పాడు. "కాచినా అంతే వదినా. పురుగులు చస్తాయి గానీ ఇది పోదు. నీరు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుద్ది."

ఆ మాట అన్నాక ఆయనకి తట్టింది. ఆయన చేతిలోని గొట్టం అలాగే ఆగిపోయింది. నాన్న "రవీ" అని బాబాయి పేరు పిలిచారు. నాకప్పటికి ఏమీ అర్థం కాలేదు. అమ్మ ముఖం చూసి భయం మాత్రం వేసింది.

అమ్మ ఏడవలేదు. కళ్ళం నుంచి వస్తున్న ఘాటుకి పైట ముక్కుకి అడ్డం పెట్టుకుని, చెప్పులైనా వేసుకోకుండా పక్క వాటాలోకి నడిచింది. మీరాబీ ఒళ్ళో బిడ్డకి పాలు పడుతోంది. అమ్మ ఆ సీసా లాక్కుని గోడకేసి కొట్టింది.

"అమ్మాయ్, పిచ్చిగానీ పట్టిందా నీకు?" అని సైదమ్మత్త అరిచింది.

"దాని పెదాలు చూడత్తా" అంది అమ్మ. "రంగు చూడు."

అప్పటికే నీలం మొదలైంది. నల్లపిల్ల కదా అనుకున్నారట వాళ్ళు. బాబాయి వ్యానులోనే గుంటూరు పరుగెత్తారు. ఈసారి నాన్న డాక్టరుకి బోరు సంగతి ముందే చెప్పారు. బిడ్డ రక్తం తీస్తే ఎర్రగా లేదు, బెల్లప్పాకంలా ఉందట. వెంటనే ఇంజెక్షను ఇచ్చారు. తెల్లారేసరికి పిల్ల గొంతెత్తి ఏడ్చింది. పెద్దవాళ్ళు ఆ నీళ్ళు తాగినా తట్టుకుంటారనీ, తల్లిపాలు తాగే బిడ్డకీ ఫరవాలేదనీ, సీసాపాలే ఆధారమైన పసికందుకి మాత్రం రక్తంలో ఊపిరి నిలవదనీ డాక్టరు చెప్పారు. మా వాడి గురించి నాన్న అడిగితే, ఇప్పుడు ఏదీ ఖాయంగా చెప్పలేనని తలదించుకున్నారట. ఖాయంగా చెప్పి ఉంటే అమ్మకి మేలయ్యేదో, కీడయ్యేదో నాకు తెలియదు.

నాన్న బోరు పంపుకి ఎర్రరంగు పూసి, పసిపిల్లలకి పట్టొద్దని ఊరంతా తిరిగి చెప్పారు. కొందరు విన్నారు. "అందరం తాగుతూనే ఉన్నాం గదా మేష్టారూ, మాకేమైంది?" అన్నవాళ్ళే ఎక్కువ. గోడ అవతలి చేనుకి ఆ ఏడూ బస్తాలు దిగాయి.

బాబాయి బ్యాటరీల్లో పోసే శుద్ధినీళ్ళు తెచ్చి తొట్టిలో పోయడం మొదలుపెట్టాడు. వారం వారం పాచి పలచబడి, జడలు ఊడి, రాళ్ళు బయటపడ్డాయి. బతికిన పగడాలు మళ్ళీ విచ్చుకున్నాయి. నీళ్ళు తేటపడ్డాయి. పాచి పట్టినన్నాళ్ళూ చెయ్యి తియ్యని అమ్మ, అంత తేటగా ఉన్న నీళ్ళవైపు ఒక్కసారీ చూడలేదు. చివరికి నాన్నే బాబాయికి కబురు చేస్తే వచ్చి తొట్టి పట్టుకుపోయాడు. చెమ్మకి గచ్చు మీద పడిన నలుచదరపు మరక మీద అమ్మ బియ్యం డబ్బా పెట్టింది.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. మా ఇల్లూ పెరడూ అవతలి చేనూ అన్నీ కలిపి మిరపకాయల కోల్డు స్టోరేజి కట్టారు. దూది ఏకే విల్లు మోత ఎలా ఉంటుందో మా అమ్మాయికి నోటితో చేసి చూపిస్తే నవ్వుతుంది. ఊళ్ళో అందరూ క్యాను నీళ్ళు కొనుక్కుంటున్నారు, అట్లతద్దికి ఉయ్యాల కట్టడానికి వేపచెట్టూ లేదు. సైదమ్మత్త వాళ్ళు వినుకొండ వెళ్ళిపోయారు. నాన్న పోయాక అమ్మ మా దగ్గరే ఉంటోంది. నాకు పాప పుట్టినప్పుడు స్నానాలు, సాంబ్రాణి పొగ, నలుగు అన్నీ తనే చేసింది, సీసా మాత్రం ముట్టుకోలేదు. నేను జ్వరంతో లేవలేని రోజున ఏడుస్తున్న పాపని ఎత్తుకుని, పాలు పట్టమని పక్కింటి తలుపు కొట్టింది.

కింద వాటాలో తొట్టి చూసి వచ్చిన మర్నాడే, మేముండే ఈ గుంటూరులోనే డిగ్రీలో చేరిన మీరాబీ కూతురు రేష్మ, అమ్మమ్మ ఇచ్చిందని పండుమిరపకాయల పచ్చడి సీసా పట్టుకుని మా ఇంటికి వచ్చింది. గలగలా మాట్లాడే పిల్ల. తను చంటిపిల్లగా ఉండగా మా అమ్మ ఏం చేసిందో ఆమెకెవరూ చెప్పినట్టు లేదు. అమ్మ పక్కనే కూర్చుని గోడ మీది ఫోటోలన్నీ చూసింది.

"మీకు అక్కొక్కతేనా అమ్మమ్మా పిల్లలు?"

అందరూ అడిగే మాటే. అందరికీ అమ్మ చెప్పే జవాబూ ఒకటే, అవును అని. నేను వంటింట్లోంచి వస్తూ గుమ్మంలో ఆగాను.

"ఒక బాబు ఉండేవాడమ్మా" అంది అమ్మ.

"అయ్యో. పేరేంటి అమ్మమ్మా?"

అమ్మ పచ్చడి సీసా తీసి పక్కన పెట్టింది. తర్వాత, బారసాలనాడు చెవిలో చెప్పినంత మెల్లగా, శ్రీకరుడు అంది. నాకు కూడా ఆ పేరు గుర్తులేదు.