పన్నీరు వాసన

ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్ష అయ్యాక చదువు ఆగిపోయి ఇంట్లో ఉంటున్న రోజులు. మాది నెల్లిమర్ల దగ్గర పల్లె. చిన్న వయసులోనే భర్త పోయి మా ఇంట్లో ఉంటున్న మేనత్త చేతులు ఆ చలికాలం పగిలి నెత్తురు కారేవి. పత్రికలో చదివినట్టు గ్లిజరిన్‌లో నిమ్మరసం, పన్నీరు పోసి, సీసాలో బాగా గిలక్కొట్టి, ఒక ఉదయం ఆమె చేతులకు రాశాను.

"ఎంత మెత్తగున్నాయే! నా సేతులేనేటే ఇవి?" అని నవ్వింది అత్త.

ఆ పూటే ఇరుగుపొరుగు ఆడవాళ్ళు మా ఇంటికి అప్పడాలు ఒత్తడానికి వచ్చారు. అత్త చేతులు కడుక్కుని పిండి పిసికింది. పక్కింటి పైడమ్మ ఒక ఉండ అందుకుని వాసన చూసింది.

"పిండి పన్నీరు వాసనొస్తన్నాదేటి? ఓలమ్మో, సేతులకి పూసుకున్నావా! మొగుడు పోయినదానివి, ఎవులికి సూపిద్దామనే ఈ సోకు?"

అందరూ నవ్వారు. "నేనే రాశాను" అనాలి. తల వంచుకుని అప్పడం ఒత్తుతూనే ఉన్నాను.

"దేవుడి కాడ సీసా ఒలికితే తుడిసినానమ్మా" అంది అత్త, నా వైపు చూడకుండా. నూతి దగ్గరకు వెళ్ళి బూడిదతో చేతులు రుద్దుకుంది. తిరిగి వచ్చేసరికి పగుళ్ళ నిండా బూడిద, నెత్తురు. ఇక పిండి ముట్టలేదు.

నాకు అప్పుడు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాదు. ఆ రోజు అనలేని మాట ఇక్కడ రాస్తున్నాను. అచ్చయినా అత్తకు చదువు రాదు. నేనే చదివి వినిపించాలి.