రొయ్య పెంకుల దీపం

మా మేడ మీద అద్దెకుండే కెమిస్ట్రీ మాస్టారు పోయారని ఆదివారం పొద్దున వాళ్ల చెల్లెలు గుంటూరు నుంచి ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను రొయ్యలు ఒలుస్తున్నాను. పెంకులు ఆయన కోసమే చేటలో వేస్తున్నాను. ఫోన్ పెట్టేశాక కూడా చేతులు ఆ పనే చేస్తూ పోయాయి.

మాస్టారు మా పెరట్లో బకెట్టు నిండా కాలవ బురద పోసి, దానితో చిన్న దీపం వెలిగించారు. చదువు లేనిదాన్ని, నాకు అర్థమైనట్టు చెబుతాను. బురదలోని సూక్ష్మజీవులు మనం పోసే బియ్యం కడుగునీళ్లు తిని కరెంటు పుట్టిస్తాయట. అది బకెట్టు పక్కన అతికించిన నల్లటి పలక దగ్గర గాలితో కలవాలట.

"వాటంతటవి తొందరగా కలవవండీ. మధ్యన పెళ్లిళ్ల పేరయ్య ఉండాలి. ప్లాటినం బాగా కుదురుస్తుంది గానీ, దాన్ని మేపే స్తోమత మనకెక్కడిది? ఈ పలకకి పూయడానికి మీ రొయ్య పెంకులు కాల్చిన బొగ్గు చాలు," అనేవారు.

కాలవగట్టు వీధిలో చీకటి మలుపు దగ్గర ఇలాంటి దీపం పెట్టాలని ఆయన ఆశ. ఖరీదు తగ్గితేనే అక్కడిదాకా వెళుతుందనేవారు.

నాకేమో అన్నీ భయాలే. దోమలొస్తాయేమో, వాసనకి పక్కింటివాళ్లు గొడవకొస్తారేమో.

"పిల్లి ముట్టుకుంటే షాక్ కొడుతుందేమోనండీ మాస్టారూ."

"దీనికి చీమ కూడా చావదు పిన్నిగారూ. మీ బెంగలోంచి కరెంటు తీయడం చేతనైతే, ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో బొగ్గు కాల్చే పనే ఉండేది కాదు."

ఒకరోజు వాన మొదలవగానే బకెట్టు తడుస్తుందని ప్లాస్టిక్ పట్టా చుట్టి తాడు బిగించేశాను. సాయంత్రానికి దీపం ఆరిపోయింది. ఆయన కోప్పడలేదు. తాడు విప్పుతూ, "ఊపిరాడొద్దా పిన్నిగారూ దానికి? పలకకి గాలి తగలాలి. పైన కాస్త నీడుంటే చాలు," అని తన గొడుగే తెచ్చి బకెట్టు మీద కట్టారు. ఆ వానాకాలమంతా కాలేజీకి తల మీద చేతిరుమాలు కప్పుకునే వెళ్లారు.

ఆయనకి జబ్బు చేసి, చెల్లెలు గుంటూరు ఆసుపత్రికి తీసుకెళుతుంటే కారు అద్దం దించి, "కడుగునీళ్లు మరిచిపోకండి. నేనొచ్చేసరికి వెలుగుతూ ఉండాలి," అన్నారు.

"తొందరగా వచ్చేయండి. ఇది ఆరిపోతుందేమోనని నాకు గుండెదడ."

"ఆ దడ ఉన్నంతకాలం ఆరదులెండి."

ఈ సాయంత్రం మళ్లీ వాన పట్టింది. పట్టా పట్టుకుని పెరట్లోకి పరుగెత్తాను. చుట్టబోయి ఆగిపోయాను. తల ఎత్తి మేడ మెట్ల వైపు చూశాను. తలుపుకి తాళం వేసి ఉంది.

పట్టా మడిచేసి, కడుగునీళ్లు పోసి, ఎండిన పెంకుల చేట ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నాను. గొడుగు కింద దీపం ఉండి ఉండి మిణుకుమంటోంది. ఆరినప్పుడల్లా, మళ్లీ వెలిగేదాకా ఊపిరి బిగబట్టి చూస్తున్నాను.