పప్పు ఉడికే ఊరు

మా నాయన మిషన్ బడిలో మాస్టరు. దానివల్ల మాకు కలిగిన మేళ్ళలో అన్నిటికంటే పెద్దది రేకుల ఇల్లు. మార్కాపురంలో మిషన్ కాంపౌండు మూలన, దొరల బంగళాకు కనపడనంత దూరంలో, సన్నటి గోడల మీద జింకు రేకులు పరిచి ఇల్లొకటి కట్టి, మాస్టరుకని ఇచ్చారు. ఆ ఇల్లు వానకు కురవదు, గాలికి ఎగరదు, నిప్పు రవ్వ పడితే అంటుకోదు. మనిషికి తప్ప దేనికీ హాని చెయ్యదు. ఎండాకాలం ఆ ఇంట్లో కూర్చున్నవాళ్ళకు నరకం గురించి పాదిరిగారు ప్రసంగం చెయ్యాల్సిన పని లేదు. అయినా నాయన ఆ రేకులను చూసుకుని మురిసిపోయేవాడు. ఆయన పుట్టింది పల్లెలో, బోదగడ్డి కప్పిన కొట్టంలో. మావాళ్ళలో ఆయనకంటే ముందు రేకుల కింద పడుకున్న మనిషి లేడు.

ఎండలు ముదిరీ ముదరగానే దొర, దొరసాని పెట్టెలు సర్దుకుని కొండలకు పోయేవాళ్ళు. పోయే ముందు మా అందరి కోసం చాలాసేపు ప్రార్థన చేసేవాళ్ళు. తొలకరి పడ్డాక తిరిగొచ్చి, కొండ మీద రాత్రిళ్ళు కంబళ్ళు కప్పుకున్నామని చెప్పేవాళ్ళు. వైశాఖంలో కంబళి! "అబద్ధమాడగూడదని మనకేనా చెప్పేది?" అని అమ్మ ఇంటికొచ్చాక గొణిగేది.

ఆ ఏడు ఎండలకు అమ్మ గంజి వారుస్తూ వారుస్తూ పొయ్యి పక్కనే పడిపోయింది. ఒళ్ళు కాలిపోతోంది. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి గాని మమ్మల్ని చూడటం లేదు. తడి దుప్పట్లు చుట్టి ఆ రాత్రంతా విసురుతూ కూర్చున్నాం. మర్నాటి సాయంత్రానికి మాట వచ్చింది. ఆసుపత్రి డాక్టరమ్మ నాయనను బయటికి పిలిచి, "ఈసారి బతికింది. వచ్చే ఎండాకాలం కూడా ఈమెను ఈ ఇంట్లోనే ఉంచేటట్టయితే నన్ను పిలవొద్దు, పాదిరిగారిని పిలవండి" అని చెప్పింది. నాయన ఆ మాట మాకు చెప్పకుండా దాచాలని చూశాడు. ఆ ఇంట్లో రహస్యాలు దాగేంత మందం గోడలు లేవు.

అదే ఏడాదితో నాయన పని కూడా అయిపోయింది. వచ్చే ఈస్టరు దాటాక కొత్త మాస్టరుకు ఇల్లు అప్పజెప్పాలి. మిషన్ వాళ్ళు ఆయనకు చిన్న పింఛను, పెద్ద ఆశీర్వాదం ఇచ్చారు. నేను ఆడపిల్లల బడిలో టీచరుగా ఉన్నాను. నోరు పెద్దదని నాకు వచ్చిన సంబంధాలు వచ్చిన దారినే పోతుండేవి కాబట్టి, నా జీతం కూడా ఇంట్లోకే. ఆ పింఛను, ఈ జీతం కలిపి బతకగలిగిన ఊరు వెతకాలి. అది చౌకగా ఉండాలి, చల్లగా ఉండాలి. ఎండలు తిరిగి వచ్చేలోపల దొరకాలి.

ఊరిని ఎంచడానికి నాయన దగ్గర ఒక పద్ధతి ఉంది. అది ఆయన సొంతం కాదు, మా మెట్ట ప్రాంతంలో పాతదే. మా వైపు చాలా ఊళ్ళలో నీళ్ళు చవుడు. వాటిలో కందిపప్పు పొద్దున వేస్తే మధ్యాహ్నానికి కూడా పలుకు పలుకుగానే ఉంటుంది. కట్టెలు దండగ, కడుపు నొప్పి. పిల్లనిచ్చే ముందు పెద్దవాళ్ళు ఆ ఊరికి పోయి పప్పు ఉడికించి చూసేవారు. పిల్లవాడు ఎట్లాంటివాడైనా సర్దుకునేవారు గాని, పప్పు ఉడక్కపోతే మాత్రం సంబంధం వద్దని లేచి వచ్చేవారు.

"మనుషుల్ని అడిగితే యా ఊరోళ్ళు ఆ ఊరే మంచిదంటారు. పప్పు అబద్ధం చెప్పదు" అన్నాడు నాయన, కందిపప్పు మూట కట్టుకుంటూ.

"మరి ఉడకేసేది ఎవురు?" అన్నాను.

"నువ్వు లేవా?"

క్రిస్మస్ పండుగ వెళ్ళిపోయింది, బడికి ఇంకా సెలవులే. అలిసిపోతావని అమ్మను ఇంట్లో ఉండమన్నాడు. అమ్మ గుమ్మంలో నిలబడి మమ్మల్ని ఎగాదిగా చూసింది. "చలికాలంలో చల్లని ఊరు ఎతికేదానికి పోతాండారు. బాగుండాది. కడుపునిండా తినిపోయి ఆకలెట్ల ఉంటాదో చూసి రాండి" అంది. నాయన వినపడనట్టు నడిచాడు. భార్య మాట వినపడకపోవడం ఆయనకు ఎంతో కాలంగా ఉన్న జబ్బు.

ముందు దొనకొండ పోయాం. అక్కడ రైలు షెడ్డులో బొగ్గు పని చేసే ఒక చిన్నాయన ఉన్నాడు, నాయనకు తమ్ముడి వరస. తమ ఊరంత ఆరోగ్యమైన ఊరు కర్నూలు జిల్లాలోనే లేదని చెప్పాడు. చెబుతూ నల్లగా దగ్గాడు. వాళ్ళ వాకిట్లో మూడు రాళ్ళు పెట్టి పప్పు ఎక్కించాను. నాయన ఎదురుగా గొంతుక్కూర్చుని, పరీక్ష రాసే పిల్లలను చూసినట్టు కుండలోకి చూస్తున్నాడు. ఒక మోపు కట్టెలు అయిపోయాయి. పప్పు కదల్లేదు.

"ఇంజన్లకు ఈ నీళ్ళు పడవన్నా, లోపల గార కడతాది. మంచినీళ్ళు యాడనుంచో తెచ్చి పోస్తారు" అన్నాడు చిన్నాయన.

"మరి మనుషులకో?"

"మనకేంది, అలవాటైపోయినాయి."

ఆ రాత్రి పలుకు పప్పు నమిలి, తెల్లారి రైలెక్కాం.

తర్వాత కంభం, మా పిన్నమ్మ ఇంటికి. ఇక్కడ మాత్రం నాయనకు ప్రాణం లేచొచ్చింది. చెరువు మీద నుంచి గాలి, ఎటు చూసినా పచ్చటి వరి. బియ్యం చౌక, చేపలు ఇంకా చౌక. పప్పు అట్లా పొయ్యి మీద పెట్టానో లేదో కరిగిపోయింది. నాయన గరిటెతో తీసి, ఊది, నాలుక మీద వేసుకుని, "దేవునికి స్తోత్రం" అన్నాడు. ఇంతలో లోపల ఎవరివో పళ్ళు టకటక కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. తొంగి చూస్తే మా పిన్నమ్మ, ఆమె పక్కన కోడలు, కంబళ్ళు రెండేసి కప్పుకుని మంచం అదిరేటట్టు వణుకుతున్నారు. చలిజ్వరం. ఆ వీధిలో చలిజ్వరం లేని ఇల్లు లేదు. తెల్ల క్వినైను మాత్రలు మింగీ మింగీ సగం మందికి చెవులు గుయ్యిమంటున్నాయి.

"ఎండాకాలంలో గూడా వస్తాదా పిన్నమ్మా?" అని అడిగాను.

"వైశాఖంలోనూ వస్తాది. అప్పుడూ కంబళే" అంది ఆమె పళ్ళ సందుల్లోంచి.

దొరసాని కొండ మీద పొందిన భాగ్యం ఇక్కడ ఊరికే దొరుకుతోందన్నమాట. ఈ మాట నాయనతో అంటే ఆయనకు నవ్వు రాలేదు. అమ్మను ఎండ నుంచి తప్పించి జ్వరానికి అప్పగించడమంటే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. ఆ కమ్మటి పప్పు ఆయన సగంలో వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

గిద్దలూరులో మామ ఉన్నాడు, అమ్మకు అన్న వరస, రైలు పట్టాల మీద గ్యాంగు పని. స్టేషను వెనక ఒక పెంకుటిల్లు బాడుగకు ఉందని చూపించాడు. తెల్లవారుజామున నల్లమల వైపు నుంచి గాలి వస్తే దవడలు కొట్టుకున్నాయి. అడవి పక్కనే కాబట్టి కట్టెలు చౌక, చింతపండు చౌక. మామ పొద్దున్నే బిందెడు నీళ్ళు తెచ్చి పెట్టాడు. పప్పు చక్కగా ఉడికింది. నాయన శాలువా కప్పుకుని అరుగు మీద కూర్చుని, "చూసినావా, చల్లదనమంటే ఇదీ!" అన్నాడు.

"ఇది పుష్యమాసం నాయనా. ఈ పొద్దు మార్కాపురంలో గూడా జనం చలి కాచుకుంటాంటారు."

"నీకు పెండ్లి కాకపోవడానికి కారణం నాకు తెలుస్తానే ఉండాది" అని, ఇంటాయనకు మాట ఇచ్చేశాడు.

మేము ప్రభువును నమ్ముకున్న వాళ్ళమే అయినా మా వైపు చలి మాత్రం శివరాత్రికే పోయేది. అది పోగానే ఎండకు రేకులు మళ్ళీ టపటపమనడం మొదలుపెట్టాయి. సామాను కట్టే ముందు ఇల్లు ఒకసారి కళ్ళతో చూస్తానని అమ్మ పట్టుబట్టింది. ముగ్గురం గిద్దలూరు పోయాం. అమ్మ ఇల్లు చూసింది, వంటిల్లు చూసింది, తల ఊపింది. నాయన ముఖం వెలిగిపోయింది. అప్పుడు అమ్మ మామను అడిగింది, "నీళ్ళు యాడ తెచ్చుకుంటారన్నా?"

మామ తల గోక్కున్నాడు. "ఆ పొద్దు బావ వచ్చినాడని స్టేషన్ కాడ అడిగి తెచ్చినా. అది దినామూ ఇయ్యరు. ఊరి బావి ఉండాది, నీళ్ళు తేటగా ఉంటాయి. అయితే మనం గట్టెక్కగూడదు. బిందె కింద పెట్టి నిలబడితే ఎవురో ఒకరు చేది పోస్తారులే. మంచోళ్ళే."

అమ్మ బిందె తీసుకుని బయల్దేరింది. నేను వెంట పోయాను. మధ్యాహ్నం కాబోతోంది. గట్టుకు ఎడంగా బిందె పెట్టి నిలబడ్డాం. ఆడవాళ్ళు వస్తున్నారు, చేదుకుంటున్నారు, పోతున్నారు. "ఉండండమ్మా, పోస్తాం" అని ఒకామె మర్యాదగానే చెప్పి, తన రెండు బిందెలూ నింపుకుని పోయింది. ఇంకొకామె మేము ఏ ఊరివాళ్ళమని అడిగి, జవాబు విని పోయింది. నీడ లేదు. అమ్మ మెడ మీద చెమట కారడం ఆగిపోయి, ముఖం ఎర్రబడుతోంది. ఆ ఎరుపు నాకు తెలుసు. నేను పంతులమ్మనని, ఇట్లాంటి గట్లెక్కే ఆడవాళ్ళ బిడ్డలు నా ముందు కూర్చుని అక్షరాలు దిద్దుతారని నాకు ఒళ్ళు మండిపోయింది. గట్టెక్కబోయాను. అమ్మ నా మణికట్టు పట్టుకుని వదల్లేదు. చివరికి ఒక ముసలామె తన చేద పైకెత్తి, బిందెకు తగలకుండా దూరం నుంచి పోసింది. సగం బిందెలో పడ్డాయి, సగం మా కాళ్ళ మీద పడ్డాయి.

అమ్మ ఆ బిందె తెచ్చి అరుగు మీద నాయన ముందు పెట్టింది.

"తాగు, సల్లగా ఉంటాయి" అంది. "ఈ ఎండలో దినామూ గంటసేపు నన్నట్ల నిలబెట్టే ఊరు, నన్ను సల్లగా చూస్తాదంట. కాంపౌండులో బావి లోతైనా చేద నా చేతిలో ఉన్నది."

నాయన నీళ్ళు తాగలేదు. మాస్టరు, టీచరమ్మ ఇద్దరం పోయి నీళ్ళను పరీక్ష చేశాం గాని, బావిని చెయ్యలేదు. గోడ లోపల సొంత బావికి అలవాటు పడి, గోడ బయట మేమెవరమో మరిచిపోయాం. ఆ మరుపు నాయనకు ఎక్కువ, ఎందుకంటే ఆయన దాన్ని కష్టపడి సంపాదించుకున్నాడు.

తిరుగు రైల్లో అమ్మే నోరు తెరిచింది. "మన పల్లెకు పోదాం. మీ అన్న కొట్టం పక్కన జాగా ఉండాది. బావి మనోళ్ళు తవ్వుకున్నదే."

"మళ్ళా బోద కొట్టంలోకా?" నాయన గొంతు పైకి లేచింది. పెట్టెలో జనం తిరిగి చూశారు. "ఇన్నేండ్లు రేకుల కింద బతికి? అందరూ నవ్వరా?"

"ఆ రేకుల కిందనే గదా నేను సచ్చేది" అంది అమ్మ.

అంతే. ఆ తర్వాత ముగ్గురం కిటికీలోంచి బయటికి చూశాం. అన్ని ఊళ్ళూ తిరగడానికి పప్పు మూట కట్టుకున్న మనిషి, పుట్టిన పల్లె పేరు ఒక్కసారైనా ఎత్తలేదని నాకప్పుడు తట్టింది. అది మార్కాపురానికి నడక దూరం. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. ఈ సామెత నాయనతో అనబోయి, ఆయన ముఖం చూసి మింగేశాను. నేను మాట మింగడం అరుదు.

కొన్నాళ్ళ తర్వాత ఒక పొద్దున నాయన కోటు వేసుకుని ఒక్కడే పల్లెకు పోయాడు. చదువు రాని మా పెదనాయన ఆయనను చూడగానే, "ఏందిరా, రేకులు గూడా తెచ్చినావా?" అని నవ్వాడట. నవ్వడం అయిపోయాక మట్టి తొక్కడానికి మనుషులను పిలిచాడు. మూరెడు మందం గోడలు పెట్టారు. అడవి నుంచి బోద తెచ్చి పైన మందంగా కప్పారు. చూరు ఎంత కిందికి దిగిందంటే, తల వంచితే తప్ప లోపలికి పోలేం. నాయనకు అది చాలా రోజులు అలవాటు కాలేదు. లోపలికి పోయినప్పుడల్లా చూరుకు నుదురు తగిలించుకునేవాడు. పల్లె పిల్లలు ఆ చప్పుడు కోసం కాచుకుని కూర్చునేవారు. నేను వారమంతా బడి దగ్గరే ఉండి శనివారాలు నడిచి వచ్చేదాన్ని.

ఇంతా చేసి ఆ బావి నీళ్ళలో పప్పు ఉడకదు. నాయన అపశకునం చూసినట్టు కుండలోకి చూశాడు.

"రేత్రి నానేస్తే యా నీళ్ళలోనైనా ఉడుకుతాది" అంది అమ్మ. "నన్నడిగినారా యా పొద్దయినా?"

వైశాఖం వచ్చింది. దొరలు మా కోసం ప్రార్థించి కొండలకు పోయారు. బడి మూసేసి నేను పల్లెకు వచ్చేశాను. ఎండ అదే ఎండ, పల్లెకని ఏమీ తగ్గించలేదు. పదకొండు దాటితే బయట కాకి కూడా ఉండేది కాదు. నాయన మాత్రం అమ్మ వెంట వెంటే తిరిగేవాడు. ఆమె పొయ్యి ముందు కూర్చుంటే ఈయన విసనకర్ర పట్టుకుని పక్కన నిలబడేవాడు. డాక్టరమ్మ మాట ఆయన మనసులోంచి పోలేదు, నా మనసులోంచీ పోలేదు.

రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం అమ్మ గంజి తాగి, అలికిన నేల మీద చాప పరుచుకుని పడుకుంది. నేను మూలన చెంబులు తోముతున్నాను. నాయన ఆమె పక్కన కూర్చుని ఎంతసేపటి నుంచో చూస్తున్నాడు. ఉన్నట్టుండి వంగి నుదుటి మీద చెయ్యి వేశాడు. ఏటా ఆ కార్తెలో, ఆ వేళకు ఆ నుదురు కాలుతూ ఉండేది. ఇప్పుడు చల్లగా తగిలింది. "ఏమే! ఏమే, లెయ్యే!" అని రెండు భుజాలూ పట్టి ఊపేశాడు. నేను చెంబు పారేసి పరుగెత్తాను.

అమ్మ కళ్ళు తెరిచి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఇన్నేండ్లకు మధ్యాన్నం పూట కంటి మీద కునుకు పడినాది. దానిమీద గూడా కన్నేసినారా మీ ఇద్దరూ? పోండి అవతలికి" అని గోడ వైపు తిరిగింది. మేమింకా అక్కడే ఉండగానే గురక మొదలైంది.

నాయన పైపంచె ముఖానికి అడ్డం పెట్టుకుని అక్కడే కూర్చుండిపోయాడు. ఆమె నిద్ర చెడుతుందేమోనని చప్పుడు రాకుండా ఏడ్చాడు.