కదలికలు ఆపిన కంప్యూటర్

మా చెల్లెలికి రెపరెపలాడే వెలుతురు పడదు. వెలిగి ఆరి, వెలిగి ఆరే బల్బు గానీ, తెర మీద టపటపా మారే బొమ్మ గానీ కళ్ల పడిందంటే మూర్ఛ వస్తుంది. కామాటిపురాలో పుట్టిన మనిషికి ఇంతకన్నా చెడ్డ జబ్బు దొరకదని నేను వేళాకోళమాడేదాన్ని. ఇక్కడ గణపతికి లైట్లే, పెళ్లికి లైట్లే, గల్లీలో ఎవడి పుట్టినరోజైనా లైట్లే.

వరుస గదుల మా చాల్‌లో మాది రెండో అంతస్తు, ఒకటే ఖోలీ, అంటే ఒంటి గది. తాత పాలమూరు నుంచి రాళ్లు మోయడానికి వచ్చాడు. నాయిన ఒక బిల్డింగు దగ్గర వాచ్‌మన్. అమ్మ మా చిన్నప్పుడే పోయింది. మా ఇద్దరికీ జడలు నాయినే వేశాడు, వంకరటింకరగా. చెల్లెలి జబ్బు తెలిసినప్పటి నుంచి ఆయనకు మినుకుమినుకుమనే బల్బులతో పగ. ఒక ఏడాది గణపతి మండపం వాళ్లు మా గది ముందరి గ్యాలరీకి ఎదురుగా దీపాల తోరణం కడితే కిందికి దిగి తగువు పెట్టుకున్నాడు. "దేవునికి దండం బెడత గని, నా బిడ్డను పడగొడతానంటే ఊకుంటనా?" అని ఆర్పించాకే మెట్లెక్కాడు.

చెల్లెలికి తెలుగు, మరాఠీ, హిందీ మూడింట్లోనూ టైపు చేయడం వచ్చు. రికార్డు చేసిన మాటలు విని అక్షరాల్లోకి దించే పని. లోయర్ పరేల్‌లో ఒక ఆఫీసు వాళ్లు అది చేసిన పని చూసి, వచ్చే నెల నుంచి రమ్మన్నారు. స్కూల్లో పడిపోయిన నాటి నుంచి దాని పక్కన బెంచీ మీద ఎవరూ కూర్చోలేదు. బయటి మనుషులు తనను రమ్మనడం దానికి అదే మొదటిసారి.

ఆ పని నేర్చుకున్నది ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్ మీదే. నేను పనిచేసే బట్టల కొట్టులో అక్కర్లేదని పక్కన పెడితే తెచ్చాను. దాన్ని మేమిద్దరం కూర్చుని మచ్చిక చేశాం. సెట్టింగుల్లోకి వెళ్లి యానిమేషన్లన్నీ ఆపేశాం. ఏది తెరిచినా జారుకుంటూ, ఊగుకుంటూ రాకుండా ఠక్కున వచ్చి నిలబడేది. అక్షరాల పక్కన కొట్టుకునే గీతను కూడా కొట్టుకోకుండా చేశాం. వెబ్ పేజీల్లో వీడియోలు వాటంతటవి ఆడకుండా, గెంతే ప్రకటనలు రాకుండా కట్టడి చేసి, తెర వెలుగు తగ్గించాం.

"డ్యూటీల నాయిన కుర్చున్నట్టే ఉందక్కా. కదలదు, మెదలదు" అంది చెల్లెలు. నాయిన కూడా నవ్వాడు. "అట్లైతే దీంట్ల ఏం జూసినా భయం లేదు ఇగ" అని తీర్పు కూడా ఆయనే చెప్పేశాడు.

ఉద్యోగంలో చేరబోయే ముందు చెల్లెలి పుట్టినరోజు వచ్చింది. నాయిన ఫోరస్ రోడ్‌లో ఒక మొబైల్ దుకాణంలో దాని ఫోటోలతో వీడియో చేయించి తెచ్చాడు. పెన్‌డ్రైవ్ దాని చేతిలో పెట్టి, "తీరిగ్గ జూడు బిడ్డా" అని డ్యూటీకి పోయాడు. పోతూ పోతూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

మధ్యాహ్నం నేను బియ్యం కడుగుతుంటే అది వీడియో పెట్టుకుంది. మొదట చిన్నప్పటి ఫోటో వచ్చింది, వంకర జడలతో. "అక్కా, రా రా" అని పిలిచింది. అంతలోనే పాటలో ఒక్కో డప్పు దెబ్బకు ఒక్కో మెరుపు మొదలైంది. ఎరుపు, తెలుపు, ఎరుపు, తెలుపు. నేను వచ్చి వైరు పీకేలోపే అది కుర్చీలోంచి జారిపోయింది. మేము ఆపింది కంప్యూటర్ సొంత కదలికల్ని. మన చేత్తో మనం తెరిచిన వీడియోలో ఉన్న మెరుపుల్ని ఆ సెట్టింగులు ఆపలేవు. నాయినకు ఆ తేడా ఎలా తెలుస్తుంది? ఆయన పగ బల్బులతో. బిడ్డ ఫోటో చుట్టూ వచ్చే మెరుపులు ఆయనకు దీవెనలు.

పక్క ఖోలీ వాళ్లు దాని చేతిలో తాళాలగుత్తి పెట్టబోతే గదమాయించి, దాన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టాను. నాయిన పరుగెత్తుకుని వచ్చేసరికి కళ్లు తెరిచింది. నాలుక కొరుక్కోవడంతో పెదవి మీద నెత్తురు.

"ఎట్లయింది బిడ్డా? వీడియో జూస్తుంటెనా?" అడిగాడు నాయిన.

చెల్లెలు ఆయన ముఖంలోకి చూసింది. "వీడియో ఇంక జూడలే నాయినా. టైపింగ్ జేస్తుంటే అయింది."

నేను నోరు తెరవబోతే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆ సాయంత్రమే నాయిన కంప్యూటర్‌ను పాత దుప్పట్లో చుట్టి అటక మీదికి ఎక్కించాడు. జాగ్రత్తలు తీసుకుంటే పని చేసుకోవచ్చని దవాఖానలో డాక్టర్ ఎంత చెప్పినా వినలేదు. "అన్ని జాగ్రత్తలు జేసినంకనే గదా సార్ పడ్డది! ఇగ ఏ కంప్యూటర్ ముంగట కుర్చోనియ్య" అన్నాడు. ఆయన మాటలో తప్పు పట్టలేం. ఆయనకు తెలిసినంతలో అదే నిజం.

నాకు ఒళ్లు మండింది. గ్యాలరీలోకి లాక్కెళ్లి అడిగాను. "నిజం జెప్పవే. ఉద్యోగం పోతది."

"నిజం జెప్తే నాయిన మల్ల కడుపు నిండ అన్నం తింటడా అక్కా?"

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. నేను నోరు మూసుకున్నాను. ఆ వీడియోను నా ఫోన్‌లోకి ఎక్కించుకుని నేనొక్కదాన్నే చూసి, ఏ ఫోటో తర్వాత ఏది వస్తుందో దానికి చెప్పాను. అది చూసినట్టే నాయినకు వర్ణించింది. ఆయన మురిసిపోతుంటే చూడలేక నేను నీళ్ల వంకతో కిందికి పోయి ఏడ్చాను.

నెలాఖరున ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. పక్కనే ఉన్న నాకూ వినపడింది. దాని కోసం ఒక కంప్యూటర్ వేరుగా పెట్టి, అందులో మెరుపులూ కదలికలూ అన్నీ ఆపి ఉంచారట. ఎప్పుడొస్తావని ఆఫీసు ఆవిడ అడుగుతోంది. నాయిన గడప దగ్గర చాయ్ తాగుతున్నాడు. చెల్లెలు ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని ఆయన వైపు చూసింది. తర్వాత మరాఠీలో చెప్పింది, మా నాన్నకు ఒంట్లో బాగాలేదు, ఆయన్ని వదిలి రాలేను, ఇంకెవరినైనా పెట్టుకోండి అని.

నాయిన గ్లాసు కింద పెట్టి నవ్వాడు. "నాకేమైందే? మంచిగనే ఉన్న గద!"

"మంచిగనే ఉండు నాయినా" అంది చెల్లెలు.